గడ్డి ఊడ్చే బండికి బంతిపూల దండ

ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల ఫంక్షన్ గార్డెన్లలో నన్ను ‘చెత్త మేడం’ అనేవాళ్లు. వెనక అనేవాళ్లు. ముందర అనే ధైర్యం చాలామందికి ఉండేది కాదు. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ఆ పేరు నేనే ముందు పెట్టుకుంటున్నాను. నా అసలు పేరు సుగుణ. ఉండేది కొత్తపేటలో, కిరాయి ఇంట్లో. చేసిన పని, పెళ్లిళ్లకిచ్చే గార్డెన్‌లో లాన్ ఇన్‌చార్జి.

ఆ పని ఏమిటో ఒక్క ముక్కలో చెప్తాను. పెళ్లికి ముందు గడ్డి కనబడాలి. పెళ్లి మరునాడు మళ్లీ గడ్డే కనబడాలి. మధ్యలో వెయ్యిమంది తిని, తాగి, ఎగిరి, ఏడ్చి, ఫోటోలు దిగి వెళ్లిపోయిన సంగతి ఆ గడ్డికి గుర్తుండకూడదు.

ఈ మధ్య హౌస్‌కీపింగ్ కోర్సులు చదివి, మెడలో కార్డు వేసుకుని వస్తున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చారు. ‘మేడం, మీ అనుభవాలు చెప్పండి’ అన్నారు. నాకు ఎవరు ఎప్పుడు జీతం పెంచారో, ఎవరు పెంచలేదో చెప్పి మీ పొద్దు పాడుచేయను. మనసులో నిలిచిపోయిన రెండు మూడు సంగతులే రాస్తున్నాను. నచ్చకపోతే చదవడం ఆపండి. నేనేమీ అనుకోను.

దువ్వడం, కొట్టడం

నాకు పని నేర్పింది సత్తార్ భాయ్ అనే ముసలి మాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గెస్ట్‌హౌస్ ఉండేది, దానికి ముందర చాపంత లాన్. నేను అక్కడ గదులు ఊడ్చే పనికి చేరాను. ఒకరోజు మాలి సాయానికి మనిషి రాకపోతే నన్ను లాన్‌లోకి పంపారు. ఇంట్లో వాకిలి ఊడ్చినట్టే చీపురు ఎత్తి ఎత్తి కొట్టాను. సత్తార్ భాయ్ పరుగున వచ్చి చీపురు లాక్కున్నాడు.

“ఏం బేటీ, గడ్డి నీకేమన్న బాకీ ఉన్నదా? గట్ల కొడుతున్నవ్?”

“చెత్త పోవాలె కద భాయ్.”

“చెత్త పోతది. దాని ఎనక గడ్డి గూడ పోతది. జర ఆహిస్తా. పిల్ల తల దువ్వినట్టు దువ్వు.”

నాకు పౌరుషం వచ్చింది. ఊడ్చడం కూడా ఒకడు నేర్పాలా అనుకున్నాను. కానీ ఆయన దువ్వి చూపించిన చోట ఆకులన్నీ ఒక వరసలోకి వచ్చాయి, గడ్డి లేచి నిలబడింది. నేను కొట్టిన చోట మట్టి బయటపడి బోడిగుండులా ఉంది. నోరు మూసుకున్నాను. నా ఉద్యోగంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, అందుకే ఇది బాగా గుర్తు.

ఎవరి చెత్త వాళ్లది

తరవాత కర్మన్‌ఘాట్ దాటాక ఉన్న పెద్ద గార్డెన్‌లో చేరి, అక్కడే రిటైరయ్యాను. పేరు రాయను. యజమాని పేరూ రాయను. అది ఒకప్పుడు వాళ్ల తాతలు జొన్న వేసిన భూమి. ఊరంతా ఆయన్ని పటేల్ అనే పిలిచేది, మేం పటేల్ సారు అనేవాళ్లం. తెల్లబట్టలు, పెద్ద గొంతు. ఏటా బాలాపూర్ లడ్డూ వేలంపాటకు వెళ్లేవాడు, ఏటా ఉత్త చేతులతో వచ్చేవాడు. ఆ రోజు మేం ఆయన కళ్లబడకుండా చెట్ల వెనక పని చూసుకునేవాళ్లం.

అక్కడే నాకు జనం తెలిశారు. మనిషి ఎలాంటివాడో వాడు వదిలిపోయిన చెత్త చెప్తుంది. మన తెలంగాణ పెళ్లిలో బరాత్ డాన్సు అయ్యాక రంగు కాగితాల పేలుళ్లు. ఆంధ్రా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డవాళ్ల పెళ్లిలో తలంబ్రాల బియ్యంతోపాటు థర్మోకోల్ పూసలు. మా క్రైస్తవుల పెళ్లిలో నురుగు స్ప్రే, ప్లాస్టిక్ గులాబీ రేకులు. చెత్త వేయడంలో మాత్రం అందరూ అన్నదమ్ములే. అందులో నాకు పరమ శత్రువు థర్మోకోల్ పూస. చీపురు తగిలితే ఎగురుతుంది, చెయ్యి తగిలితే అంటుకుంటుంది, గాలి వీస్తే పక్క కాలనీకి పోతుంది.

వీటికి తోడు మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యేసరికి గార్డెన్ చుట్టూ ఉన్న కానుగ చెట్లు, బాదం చెట్లు ఆకు రాల్చేవి. పైనుంచి ఆకు, కింద కాగితం, మధ్యలో ముగ్గురు ఆడవాళ్లు. యాదమ్మ, ఇంకో ఇద్దరు. ముగ్గురిలో యాదమ్మ పెద్దది, పదునైనది. ఇబ్రహీంపట్నం దగ్గర పల్లెటూరు ఆమెది. కూలి కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయింది. రాత్రి పెళ్లి, పొద్దున రిసెప్షన్ ఉన్న రోజుల్లో వీళ్ల నడుములు నిలబడేవి కావు.

ఆకు పోగేసి మూలన పెట్టి తగలబెట్టడం అక్కడ అలవాటు. నేను ఆపించాను. పక్కనే చిన్నపిల్లల దవాఖాన ఉండేది. పొగ వేస్తే ఆ తల్లులు కిటికీలు మూసుకుని ఉక్కపోతలో కూర్చునేవాళ్లు. ‘నీకెందుకమ్మా ఊరి పెత్తనం’ అన్నారు. పెత్తనమే, ఏం? పొగ పెట్టేవాడికి హక్కుంటే ఆపేవాళ్లకు లేదా? ఆకు గుంటలో వేసి ఎరువు చేశాం. తగలబెడితే అగ్గిపుల్ల చాలు, ఎరువుకు ఓపిక కావాలి, తేడా అంతే.

బండి వచ్చింది

ఆకు ఊడ్చే బండిని నేను మొదట చూసింది నాదర్‌గుల్ అవతల ఒక ఫాంహౌస్‌లో. రెండు చక్రాలు, వాటి మధ్య తిరిగే బ్రష్షు, వెనక గుడ్డ సంచి. మోటారు లేదు, డీజిల్ లేదు. తోస్తూ పోతే చక్రంతోపాటు బ్రష్షు తిరిగి ఆకునీ కాగితాన్నీ ఎగరేసి సంచిలో పడేస్తుంది. అక్కడ చిన్న విమానాలు నడపడం నేర్చుకునేవాళ్లు పైన గిరికీలు కొడుతున్నారు, నేను మాత్రం నేలనే చూస్తూ నిలబడ్డాను. ఇలాంటిదొకటి ఉంటే మావాళ్ల ముగ్గురి నడుములూ మిగులుతాయి కదా అనుకున్నాను.

పటేల్ సారు వెనక పడ్డాను. కనబడినప్పుడల్లా అదే మాట. చివరికి విసుగొచ్చి తెప్పించాడు. బండి దిగిన రోజు దాని చుట్టూ జాతర. యాదమ్మ సంచి తడిమి చూసి, “గిదేంది మేడం, పిల్లల బండి లెక్కున్నది” అని నవ్వింది.

పటేల్ సారు మాత్రం లెక్క ముందే వేసుకున్నాడు. “సుగుణమ్మా, మిషన్ అచ్చె కద. ఇగ ముగ్గురెందుకు? ఒక్కరు సాలు.”

వాళ్ల నడుములు కాపాడదామని నేను అడిగిన బండి వాళ్ల పొట్టమీదికే వచ్చింది.

మేనేజర్ ప్రసాద్ గారు పక్కనే ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి, మర్యాద ఎక్కువ. ఆ మర్యాదలోనే ముల్లు పెట్టేవాడు. “నిజమేనండీ. పైగా మిషన్లంటే మగవాళ్ల వ్యవహారం. మన వెంకటేష్ తోస్తాడులెండి. ఆడవాళ్లకి ఎందుకండీ ఈ శ్రమ?”

వెంకటేష్ అంటే కుర్చీలు, లైట్లు చూసే మనిషి. కండలు బాగా ఉండేవి. చీపురు ఉన్నన్నాళ్లు ఆడవాళ్ల శ్రమ ఎవరికీ గుర్తు రాలేదు. చక్రాలు రాగానే అందరికీ జాలి పుట్టుకొచ్చింది! ఈ జాలిని నమ్మకండి. పని బరువుగా ఉన్నప్పుడు మీకిచ్చి, తేలికైనప్పుడు మీ దగ్గర లాక్కునే జాలి ఇది. ఏ ఉద్యోగానికి పోయినా కనబడుతుంది.

“సార్,” అన్నాను, “బండి యాదమ్మ తోస్తది. తోసుడు వంతులేసుకుంటరు. ముగ్గురు లేకుంటే నేను గూడ లేను.”

“బెదిరిస్తున్నవా?”

“చెప్తున్న.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “సూద్దాం. ముందుగాల దసరా ఎల్లనియ్యి” అని వెళ్లిపోయాడు.

దసరా పూజ

దసరా అంటే మన దగ్గర పనిముట్ల పండుగ. కారు, జనరేటర్, నీళ్ల మోటారు, అన్నీ కడిగి బొట్లు పెట్టి వరసగా నిలబెట్టారు. నేను చర్చికి వెళ్లే మనిషిని. బొట్టు పెట్టను, కొబ్బరికాయ కొట్టను. కానీ పనిచేసే వస్తువుకు దండం పెట్టేవాళ్లంటే నాకు గౌరవమే. చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను.

వరస చివర కొత్త బండి. పటేల్ సారు స్వయంగా పసుపు, కుంకుమ పెట్టాడు. లావుపాటి బంతిపూల దండ తెచ్చి పిడికీ, చక్రాలకూ, మధ్యలో బ్రష్షు పెట్టెకూ చుట్టి చుట్టి కట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వెంకటేష్ ముందుకు తోశాడు, నిమ్మకాయలు చితికాయి, అందరూ చప్పట్లు కొట్టారు. సంతోషం ఎక్కువై వాడు బండిని గార్డెన్ చివరిదాకా ఉరికించుకుపోయి వెనక్కి తెచ్చాడు. సగం దండ తెగి వేలాడుతోంది. యాదమ్మ దాన్ని ఏరి చెట్టు మొదట్లో పెట్టింది.

ఆ రోజు చీపుళ్లకు మాత్రం పూజ లేదు. అవి బాత్రూంల వెనక ఉన్నాయి. యాదమ్మ అటే చూస్తోంది. నేనూ చూశాను.

మరునాడు పొద్దున

మరునాడు సాయంత్రం ఒక పెద్దింటి రిసెప్షన్. పొద్దున్నే మంచు ఆరాక యాదమ్మ బండి పట్టింది. కొంగు నడుముకు దోపుకుని, ఏసుప్రభువో ఎల్లమ్మ తల్లో ఎవరో ఒకరు చూసుకుంటారన్నట్టు నా వైపు చూసి నవ్వి తోసింది. బండి కదల్లేదు. ఇంకా గట్టిగా తోసింది. చక్రాలు తిరగకుండా ఈడ్చుకుపోయాయి. స్టేజీకి సరిగ్గా ముందర గడ్డి లేచిపోయి రెండు పొడుగాటి చాళ్లు పడ్డాయి, విత్తనం వేయడమే తక్కువ.

ప్రసాద్ గారు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో. “అయ్యయ్యో! నేను చెప్పానా లేదా అండీ? సాయంత్రం ఫంక్షన్ పెట్టుకుని ఇదేంటండీ?” పటేల్ సారు వచ్చాడు. వెంకటేష్ వచ్చాడు. చాళ్లు చూసి పటేల్ సారు ముఖం ఎర్రబడింది.

“నిన్ననే కొత్తగ పూజ చేస్తిమి, ఇయ్యాల చెడగొట్టిండ్రు. ఏమే యాదమ్మా, తోసెతందుకు రానప్పుడు ఎందుకు పట్టినవే? ఇగ వెంకటేష్ తోస్తడు. నువ్వు, నీ ఎంబటి ఇంకొకామె, రేపటి సంది రాకుండ్రి.”

ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే అదే. యాదమ్మ పిడి వదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. “నేనేం జెయ్యలే పటేలా. తిరుగుతనే లేదు.”

నాకు కోపం వచ్చింది. వస్తే నాకు ఎదుటివాడు పటేలా, పాస్టరా అన్న తేడా తెలియదు. ఆ బండిని రెండు చేతులా పట్టి గడ్డి మీద బోర్లా పడేశాను. అది ఎట్లా పనిచేస్తుందో నాకు పెద్దగా తెలియదు. కానీ యాదమ్మ తోయడం వల్ల చెడిందన్న మాట నిజమో కాదో అక్కడే తేలాలనిపించింది. బ్రష్షు మొదట్లో చక్రం పక్కన ఏదో పచ్చగా కనబడింది. వేలు పెట్టి లాగాను. బంతి రేకు. దాని వెనక దారం, ఇంకా దారం, నిమ్మకాయ తొక్క. తెగిన దండలో మిగతా సగం బ్రష్షు ఇరుసుకు తాడు పేనినట్టు చుట్టుకుని బిగిసిపోయింది.

“వంటోళ్ల దగ్గర కత్తి తేపో” అని యాదమ్మతో అన్నాను. కత్తి వచ్చింది. దారం మీద పెట్టానో లేదో ప్రసాద్ గారు గొంతు తగ్గించి, అందరికీ వినబడేలా అన్నాడు, “సుగుణ గారూ, పూజ చేసిన దండండీ అది. మీరు... కత్తితో కొయ్యడం ఏం బాగుంటుందండీ? అపచారం కాదూ?”

‘మీరు’ అన్నచోట ఆగాడు చూశారా, అక్కడుంది విషం. మీరు అంటే చర్చికి వెళ్లే మీరు అని. అప్పటిదాకా అది చెడిపోయిన బండి సంగతి. ఒక్క మాటతో వేరే సంగతి అయిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు నా బొట్టులేని ముఖం వైపు చూశారు. ఇన్నేళ్లు కలిసి తిన్నవాళ్లు కూడా. నాకు బాధ కలగలేదని అబద్ధం చెప్పను. కలిగింది. చెయ్యి ఆగింది.

కానీ కత్తి తీయలేదు. పటేల్ సారు వైపు తిరిగి అడిగాను. “సార్, దండ ఎవలు కట్టిన్రో నేనడగ. గది దేవునికి కట్టింది కాదు, పనికి కట్టింది. పని ఆగిపోయింది. కొయ్యమంటరా, యాదమ్మను పొమ్మంటరా? రెండిట్ల ఏదన్న ఒక్కటి జెప్పుండ్రి.”

పటేల్ సారు నన్ను చూశాడు, బండిని చూశాడు. తరవాత ఆ తెల్ల పంచె ఎగదోపుకుని గడ్డిలో గొంతుకూర్చున్నాడు. ఇరుసు మీద వేలు పెట్టి చుట్టు ఎటు తిరిగిందో చూశాడు.

“మా నాయిన ఎడ్లబండి ఇరుసుకు గూడ గిట్లనే వరిగడ్డి సుట్టుకునేది,” అన్నాడు, ఎవరితోనూ కాకుండా. “ఎనకకు తిప్పితే అస్తది.”

చక్రాన్ని వెనక్కి తిప్పుతూ దారం లాగాడు. రాని చోట నా చేతిలోంచి కత్తి తీసుకుని తనే కోశాడు. “దండ నేను కట్టిన. నేనే తీస్త. గిండ్ల అపచారం ఏంది ప్రసాదూ?” పూలన్నీ దోసిట్లో పోగేసి యాదమ్మకిచ్చి చెట్టు మొదట్లో వేయమన్నాడు. లేచేసరికి మోకాళ్ల దగ్గర పచ్చ మరకలు.

“తొయ్యి” అన్నాడు యాదమ్మతో.

తోసింది. బ్రష్షు గరగరా తిరిగింది. నిన్నటి కాగితాలు, కానుగాకులు ఎగిరి సంచిలో పడ్డాయి. యాదమ్మ చివరిదాకా పోయి, అక్కడ తిప్పి, మమ్మల్ని ఎవరినీ చూడకుండా రెండో వరస మొదలుపెట్టింది.

క్షమాపణ ఎవరూ చెప్పలేదు, నేను ఎదురుచూడలేదు. కానీ సంగతి తేల్చకుండా వదిలే మనిషినీ కాను. “సార్, ముగ్గురుంటరు. అంతే కద?” అన్నాను. ఆయన పంచె దులుపుకుంటూ, “నీతోని ఎవలు పడ్తరు సుగుణమ్మా, ఉండనియ్యి” అన్నాడు. చాళ్లలో ఇసుక కలిపిన మట్టి పోసి, పైన పూలకుండీలు వరసగా పెట్టాం. సాయంత్రం పెళ్లికూతురు వాటి ముందే ఫోటోలు దిగింది. కుండీల వరస ఎంత బాగుందోనని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

కొత్తగా వచ్చేవాళ్లకు

పని గురించి నాలుగు మాటలు. బండి పట్టకముందు సీసాలు, ఎముకలు, పిన్నులు చేత్తో ఏరించండి. బండి ఆకులకూ కాగితాలకూ, సీసాలకు కాదు. మంచు ఆరాకే తోయాలి. తడి ఆకు బ్రష్షుకు అతుక్కుంటుంది, తడి తలంబ్రాలైతే మరీను. బ్రష్షు గడ్డి కొసలను తాకాలి, మొదళ్లను కాదు. కిందికి దించితే శుభ్రంగా వస్తుందని అందరూ అనుకుంటారు. వచ్చేది గడ్డి. మరీ మెల్లగా తోస్తే బ్రష్షు ఎగరేయలేదు, మామూలు నడక నడవండి. సంచి నిండేదాకా ఆగకండి, ముందే దులపండి.

తరవాత తరవాత గాలి ఊదే మిషన్ కొందామని ప్రసాద్ గారు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. చెత్తను ఇక్కణ్ణుంచి ఊది పక్కవాడి గోడ అవతల పడేయడాన్ని శుభ్రం అనరు.

ఇక చెత్తోళ్లు అని ఎవరైనా పిలిస్తే ఊరుకోవద్దు. చెత్త మీరు తేలేదు. తెచ్చినవాళ్లు ఏసీ కారెక్కి వెళ్లిపోయారు. మీరు తీసేవాళ్లు. తలదించుకోవాల్సింది ఎవరో వాళ్లనే ఆలోచించుకోమనండి. నన్ను పొగరుబోతు అన్నారు. అననివ్వండి, నాకేమీ తక్కువ కాలేదు.

తరవాతి దసరాకు దండ పిడికి మాత్రమే కట్టారు. యాదమ్మ ఎవరినీ అడక్కుండా బాత్రూంల వెనక నుంచి మూడు చీపుళ్లు తెచ్చి, కడిగి, బండి పక్కన నిలబెట్టి బొట్టు పెట్టింది. ప్రసాద్ గారు ఏదో అనబోయాడు. పటేల్ సారు కొబ్బరికాయ కొట్టేశాడు.

చివరి రోజు

నేను మానేసే రోజు స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. వద్దన్నా వినలేదు. నేను దిగుతుంటే అందరూ కలిసి నా మీద బుట్టలకొద్దీ పూలరేకులు పోశారు. వెంకటేష్ కాగితాల పేలుడు కూడా పేల్చాడు. జీవితమంతా నేను తిట్టిన చెత్త మొత్తం నా మీదే కురిసింది. నవ్వాను. లోపల మాత్రం ఏడుపు వచ్చింది, రేపటి నుంచి ఈ గడ్డి నాది కాదని.

జనం భోజనాల వైపు పోయారు. యాదమ్మ అప్పుడే బండి తెచ్చింది. నాకు ఉండబట్టలేదు. నా చెత్త నేనే తీసి పోతానని వెళ్లి పిడి పట్టుకున్నాను.

యాదమ్మ తన చెయ్యి తీయలేదు. “ఇడ్సుండ్రి మేడం.”

“ఒక్కపారి తోస్తనే. ఇయ్యాలనే కద.”

“తొయ్యరాదు. కొత్త పట్టుచీర, కుచ్చిళ్లు బ్రష్షుల పడ్తయి. దండ పడ్తెనే అంత లొల్లాయె.” నవ్వలేదు. నా వేళ్లను పిడి మీంచి ఒక్కొక్కటే విడదీసింది. “గిది నా బండి. మీరు జర అవుతల నిల్సోండ్రి.”

పక్కకు జరిగాను. నా సర్వీసులో ఒకరు జరగమంటే జరగడం అదే మొదటిసారి.